పులిసిన కుండ

మైదుకూరు చుట్టుపట్ల పల్లెలలో వేసవినాటి తెల్లవారుజామున, ఎండ మిద్దెలమీదికి ఎక్కకమునుపే, ఇంటింట వినవచ్చుచుండిన మెత్తని చప్పుడొకటి నా బాల్యస్మృతులలో నేటికిని చెరగక నిలిచియున్నది. అది మట్టికుండలోని సద్దిసంగటిని చేతితో పిసికి కలుపునప్పటి చప్పుడు. రాత్రి భోజనములు ముగిసినపిమ్మట మిగిలిన రాగిసంగటి ముద్దను మా జేజి కుండలో వేసి, మునుగునంతగా నీళ్లు పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, వంటింటి మూలనున్న కుదురుమీద ఉంచెడిది. తెల్లవారి గుడ్డ విప్పగనే పుల్లని కమ్మని వాసన గుప్పుమని లేచెడిది; నీటిమీద ఆవగింజలంతేసి బుడగలు ఒకటొకటిగా తేలివచ్చి చిటుక్కున విచ్చిపోవుచుండెడివి. "చూడు నాయనా, కుండ మాట్లాడతాంది" అని మా జేజి నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ ముద్దను పిసికి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఎర్రగడ్డ తరిగి కలిపి, చెంబులో పోసి యిచ్చెడిది. త్రాగినపిదప కుండను బోర్లించి కడుగబోయిన నా చేయి పట్టుకొని, "అంతా వంచెయ్యాకు, రేపటికి కొంచెం ఉండల్ల" అనెడిది. ఆ మాటలో ఎంతటి శాస్త్రము ఇమిడియున్నదో తెలిసికొనుటకు నాకు చాల సంవత్సరములు పట్టినది.

ఇంట మిగిలిన ధాన్యముతోను, ఎండిన రొట్టెతోను, చేతికందిన తీపిపదార్థముతోను ఎవరికివారు బీరు పులియబెట్టుకొను అలవాటు ప్రపంచమున అనేకదేశములలో కలదు. బీరు అనగానే మనవారికి సీసా, దుకాణము, కైపు మాత్రమే స్ఫురించును గాని, దాని పుట్టుక పరిశ్రమశాలలో కాదు, వంటింటిలో. దానిని పుట్టించినది వ్యాపారి కాదు, ధాన్యపుగింజను పారవేయుటకు మనసొప్పని గృహిణి. ఆ బీరుకుండకును మా జేజి సంగటికుండకును గల చుట్టరికము ఎంత దగ్గరిదో, ఆ రెంటిని వేరుచేసిన సన్నని గీత యెక్కడ నున్నదో పాఠకులకు తెలియజెప్పుటయే నా యుద్దేశము.

గింజ అనునది ప్రకృతి కట్టిన సద్దిమూట. మొలకెత్తబోవు పసిమొక్కకు తొలినాళ్ల ఆహారముగా దానిలో పిండిపదార్థము దట్టించి పెట్టబడియున్నది. అయితే ఆ పిండి పెద్దపెద్ద గొలుసులవంటి అణువులతో కూడినదగుటచే మొలక దానిని ఉన్నదున్నట్లుగా తినజాలదు. కావున తడి తగిలి గింజ మేలుకొనగనే దానిలో అమైలేజు అను ఎంజైములు పుట్టి, ఆ గొలుసులను తునిమి చక్కెరగా మార్చును. మొలకలు నమలినప్పుడు నాలుకకు తగులు తీపి ఇదియే. బీరు చేయువారు ఈ రహస్యమునే ఉపయోగించుకొందురు. బార్లీగింజలను నానబెట్టి, మొలకెత్తించి, మొలక పెరిగిపోకుండ ఆరబెట్టి, నలుగగొట్టి, 65 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతపు వేడినీటిలో గంటసేపు ఉంచినచో, మొలక తాను తినదలచిన చక్కెర యంతయు నీటిలోనికి దిగివచ్చును. ఆ తీపినీటిని వడగట్టి, హాప్స్ అను తీగపూవులను చేదుకొరకును వాసనకొరకును వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టును కలిపినచో, అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువే నురుగు; ఆ ఆల్కహాలే కైపు. సాధారణమైన బీరులో అది నూటికి నాలుగైదుపాళ్లు మాత్రమే ఉండును. మిగిలిన పిప్పి పశువులకు దాణా యగును. ఇంతకుమించిన మాయ అందులో లేదు.

ఈ సంగతిని ఎవరైనను ఇంట పరీక్షించి చూడవచ్చును. గుప్పెడు రాగులను రాత్రియంతయు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చినపిమ్మట నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి చేసికొనవలెను. మామూలు రాగిపిండితో గరిటె నిలుచునంత చిక్కని జావ కాచి, రెండు గిన్నెలలో పోసి, వ్రేలు ముంచి ఓర్చుకొనదగినంత వేడికి దిగినప్పుడు ఒక గిన్నెలో మాత్రము చెంచాడు మొలకపిండి కలిపి చూడుడు. కొంతసేపటికి ఆ గిన్నెలోని జావ, నీరు పోయకయే, పలుచబడి ధారగా జారును. నాలుకపై నుంచినచో కొద్దిపాటి తీపి తోచును. రెండవ గిన్నెలోనిది గడ్డకట్టి ఉన్నచోటనే ఉండును. పసిబిడ్డలకు పలుచగా నుండియు బలము తగ్గని ఆహారము కావలెనని వెదకిన మనదేశపు పోషకాహారశాస్త్రజ్ఞులు ఈ గుణమునే చేపట్టి మొలకపిండిని సిఫారసు చేసిరి; మైసూరులో 1950లో నెలకొన్న కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనాలయమునందు రాగిమాల్టుపై విశేషముగ కృషి జరిగినది. బార్లీని తప్పించినచో, మాల్టుకు తగిన ధాన్యములలో రాగి మిక్కిలి మేలైనదని శాస్త్రజ్ఞుల మాట.

ఇక్కడ ఒక వింత కలదు. మనము సొంతముగ భావించు ఈ రాగి, పుట్టుకచేత తూర్పు ఆఫ్రికా కొండప్రాంతములది. వేలయేండ్ల క్రిందట సముద్రము దాటి మనదేశమునకు వచ్చి స్థిరపడినది. దాని పుట్టినింట, ఉగాండాదేశమున, అదే రాగిని పులియబెట్టి అజోన్ అనియు మాల్వా అనియు పేరుగల బీరును చేయుదురు. నడుమ కుండను పెట్టుకొని, వేడినీళ్లు పోయుచు, చుట్టును కూర్చున్నవారందరును పొడుగైన గొట్టములతో ఒకే కుండనుండి పీల్చికొందురు. నేపాళదేశపు కొండలలో లింబూజాతివారు రాగినే పులియబెట్టి, వేడినీరు పోసి, వెదురుగొట్టముతో త్రాగుదురు. దానిని తోంగ్బా అందురు. ఆ రెండుచోట్ల బీరైన గింజయే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములకు వచ్చునప్పటికి సంగటియు, అంబలియు ఎందుకైనది? గింజ ఒక్కటే, నీరు ఒక్కటే, కుండయు ఒక్కటే. మరి భేద మెక్కడిది?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఫ్రాన్సుదేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్. 1856లో ఆయన లీల్ నగరమున ఆచార్యుడుగా నుండగా, బీటుదుంపలతో ఆల్కహాలు చేయు వ్యాపారి యొకడు, తన తొట్లలో కొన్ని ఆల్కహాలునకు మారుగా పులుపెక్కి పాడగుచున్నవని మొరపెట్టుకొన్నాడు. పాశ్చర్ ఆ ద్రవములను సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూచినప్పుడు, మంచితొట్టిలో గుండ్రని ఈస్టుకణములును, పులిసిన తొట్టిలో వానికంటె ఎంతో చిన్నవైన పుల్లలవంటి జీవులును కనబడినవి. గుండ్రనివి చక్కెరను ఆల్కహాలుగా మార్చుచుండగా, పుల్లలవంటివి దానిని లాక్టికామ్లముగా మార్చుచున్నవని ఆయన గ్రహించెను. పులియుట యనునది వట్టి రసాయనిక మార్పు కాదనియు, అది జీవుల వ్యాపారమనియు, ఏ జీవి చేరిన ఆ ఫలమే కలుగుననియు తేల్చి, 1857లో లాక్టికకిణ్వనమును గూర్చి వ్యాసమును, 1876లో బీరును గూర్చి గ్రంథమును ప్రకటించెను. బీరుతొట్టిలో ఆ పుల్లలవంటి జీవి చొరబడుట పశ్చిమదేశపు పరిశ్రమకు రోగము. మా జేజికుండలో అదే జీవి ప్రవేశించుట ఇంటికి ఆరోగ్యము. మనము పాలకు తోడువేసి పెరుగు చేసికొనునది ఆ కులపు జీవులతోనే. "రేపటికి కొంచెం ఉండల్ల" అని మా జేజి కుండయడుగున నిలిపినది ఆ జీవుల విత్తనమును. పాశ్చర్ పేరు ఆమె వినలేదు. కాని ఎవరిని పిలువవలెనో, ఎవరిని ఇంట నిలుపుకొనవలెనో ఆమెకు తెలియును.

సంగటి బీరు కాకపోవుటకు కారణములు ఇప్పుడు సుబోధములు. సంగటికి వాడు పిండి మొలకెత్తించినది కాదు. పైగా ఎసటిలో ఉడికినది. కావున పిండిని చక్కెరగా మార్చవలసిన ఎంజైములు అందులో నిలిచియుండవు. ఈస్టునకు తినుటకు చక్కెర మిక్కిలి స్వల్పము. ఒక్కరాత్రి వ్యవధి మాత్రమే యుండుటచే ఈస్టు వృద్ధిపొందునంతలో లాక్టికజీవులు ముందుగ విజృంభించి పులుపు పుట్టించును. కడపసీమ వేసవి 40 డిగ్రీలు దాటును. ఈస్టుతో మంచిబీరు కావలెనన్నచో 20 డిగ్రీల చల్లదనము కావలెను, లాక్టికజీవులకో వెచ్చదనమే ప్రియము. ఈ విధముగ ఎండయు, ఎసరును, కాలవ్యవధియు ఏకమై మన కుండను కైపువైపు పోనీయక పులుపువైపు త్రిప్పినవి.

రెండు త్రోవలకును నడుమనున్న కుండలును లోకమున కలవు. రష్యాదేశపు ఇండ్లలో ఎండిపోయిన రైరొట్టెను నానబెట్టి క్వాస్ అను పానీయము చేయుదురు. అందులో ఈస్టును లాక్టికజీవులును కలిసి పనిచేయుటచే పులుపును, నురుగును, అత్యల్పమైన ఆల్కహాలును ఉండును. పిల్లలును దానిని త్రాగుదురు. సుమేరుదేశపు స్త్రీదేవత నిన్కాసిని స్తుతించు సుమారు 3,800 ఏండ్లనాటి పాటలో బప్పిర్ అను రొట్టెవంటి పదార్థముతో బీరు చేయు క్రమము వర్ణింపబడినది. నేడు ఇంగ్లండులో అమ్ముడుపోక మిగిలిన రొట్టెలను బార్లీతో కలిపి బీరు చేయువారు బయలుదేరినారు. ఆధునికమని చెప్పబడుచున్న ఈ పని నిజమునకు మిక్కిలి ప్రాచీనము. మనదేశమున జార్ఖండు, ఒడిశాలలోని ఆదివాసులు వండిన అన్నములో మూలికల బిళ్లలను కలిపి హండియా చేయుదురు. మనకు పొరుగుననున్న బస్తరుసీమలో బియ్యపుపిండిని ఆవిరిపై ఉడికించి, మొలకెత్తిన ధాన్యపు పిండిని చేర్చి లంద అను పానీయము చేయుదురు. మొలకపిండి మర్మము వారికి ఏ పరిశోధనశాలయు నేర్పినది కాదు.

గృహస్థు తనయింట పానీయమును పులియబెట్టుకొనుట ధర్మమా, అధర్మమా యను తర్కము మనదేశమున క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమందు సురాధ్యక్షుని గూర్చి ప్రత్యేకమైన ప్రకరణమే కలదు. ఏ నీటికి ఎంత బియ్యము, ఎంత కిణ్వము చేర్చవలెనో కొలతలతో సహా అందు చెప్పబడినది. కిణ్వమనగా పులియబెట్టుటకు వేయు విత్తనము. దానిని మినుములును బియ్యమును నూరి, కొన్ని మూలికలు చేర్చి చేయవలెనని విధానము. నేటికిని మన ఇడ్లీపిండికి మినుములును బియ్యమునే నూరుచున్నామనుట గమనింపదగినది. సురను రాజుయొక్క కట్టడిలో నుంచిన ఆ శాస్త్రకారుడే, కుటుంబులు శుభకార్యములందు తెల్లసురను, మందుకొరకు అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని మినహాయింపు నొసగెను. ఇంగ్లండులో 1963లోను, అమెరికాలో 1978నాటి శాసనముతోను గృహస్థులకు బీరు విషయమున ఇట్టి స్వేచ్ఛయే లభించినది. అమెరికాలో పెద్దవాడొక్కనికి ఏటికి 100 గ్యాలన్లనియు, కుటుంబమునకు 200 గ్యాలన్లనియు పరిమితి కలదు.

మన సీమ చరిత్ర వేరు. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలం జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించినపిమ్మట, మరుసటి యేడు, 1938లో, దానిని విస్తరించిన జిల్లాలు చిత్తూరును, కడపయును. అనగా యావద్భారతమున నిషేధమును మొదట చవిచూచిన సీమలలో మనది యొకటి. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై లేవనెత్తిన ఉద్యమమును, 1993లో సారా రద్దగుటయును, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలుటయును నడివయస్కులందరికిని జ్ఞాపకమున నుండదగినవే. త్రాగుడు ఎన్ని గడపలను కూల్చినదో కన్నులార చూచిన స్త్రీల కన్నీరు ఆ శాసనముల వెనుక నున్నది. నేటికిని మన రాష్ట్రమున 1968నాటి ఆబ్కారీ చట్టము ప్రకారము లైసెన్సు లేక ఇంట బీరైనను, మరే మత్తుపానీయమైనను తయారుచేయుట నేరము. కావున ఈ వ్యాసము చదివి బీరు పులియబెట్టబూనవలదని పాఠకులకు నా వినతి. శాస్త్రమును తెలిసికొనుట వేరు, చట్టమును మీరుట వేరు.

చట్టముకంటె పూర్వమే మన కుండను పులుపువైపు నిలిపిన కట్టడి మరియొకటి కలదు, అది కరవు. 1876 మొదలు 1878 వరకు సాగిన మహాక్షామము దత్తమండలములను పీడించిన తీరు తరతరములుగ వినిన కథయే. దానికి కొలదియేండ్ల ముందు, 1863కును 1870కిని నడుమ, త్రవ్వబడిన కర్నూలు–కడప కాలువ క్రింది భాగ్యవంతులైన ఊళ్లకు వరియన్నము నిచ్చినది గాని, మెట్టపొలములవారికి వానయే దిక్కు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి పండిననాడే తిండి. గంపెడు గింజలను పులియబెట్టి కొలదిచెంబుల కైపుగా కుదించుకొను స్తోమత అట్టి సీమకు లేదు. పిడికెడు సంగటిని నీటిలో నానబెట్టి నలుగురి కడుపు నింపు అంబలిగా సాగదీసికొనుటయే దానికి తెలిసిన విద్య. కల్లు కావలెనన్నవారు ఈతచెట్టు నాశ్రయించిరి. చెట్టు ఇచ్చిన దానిని త్రాగిరి గాని గింజను మాత్రము కూటికే ఉంచుకొనిరి. గింజపట్ల గల ఆ గౌరవమును నేను ఏ శాసనముకంటెను గొప్పదిగ భావింతును.

ఇక మన కుండను గూర్చి. రాత్రి మిగిలిన సంగటిని ఎక్కువసేపు ఆరుబయట ఉంచక, చల్లారగనే శుభ్రమైన కుండలో వేసి, కాచి చల్లార్చిన నీరు మునుగునంత పోసి, నిన్నటి పులినీరు గరిటెడు చేర్చవలెను. ఆ గరిటెడు నీరే ప్రాణము: మంచిజీవులు ముందుగనే గుంపుగా చేరి పులుపు పుట్టించుటచే చెడ్డవానికి చోటు దొరకదు. వేసవిలో ఎనిమిదిగంటలు చాలును. చలికాలమున పండ్రెండు గంటలు పట్టును. మట్టికుండ గోడనుండి నీరు చెమర్చి ఆవిరియగుటచే లోపల చల్లగా నుండును. దాని సన్ననిరంధ్రములలో ఆ జీవులు కాపురముండును. పుల్లని శుభ్రమైన వాసన వచ్చినచో మేలు. నలుపు, గులాబి, ఆకుపచ్చ రంగుల బూజు పట్టినను, కుళ్లువాసన వేసినను పారవేయవలెను. అప్పుడు మాత్రము పొదుపు పనికిరాదు. గాలి చొరని సీసాలో బిగించి పెట్టుట కూడదు. లోపల పుట్టు వాయువు సీసాను పగులగొట్టగలదు.

ఈ పులుపువలన కలుగు లాభములు జిహ్వకు మాత్రమే పరిమితములు కావు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియము కలదు. అయితే గింజలోని ఫైటికామ్లము ఇనుము, కాల్షియము, జింకు మొదలగువానిని పట్టుకొని శరీరమునకు అందనీయదు. మొలకెత్తించినను పులియబెట్టినను ఆ పట్టు సడలును. 2023లో అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరము జరుపబడినది. ఆ యేడే మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ ఇచ్చుట ఆరంభమైనది. పట్టణములలో రాగిమాల్టు పొట్లములు వెలపెట్టి కొనుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని పొట్లము కొనితెచ్చుకొన్న యింటనే రాత్రిమిగిలిన ముద్ద చెత్తబుట్టకు పోవుచున్నదనుట నన్ను బాధించుచున్నది. ఫ్రిజ్జు వచ్చినపిమ్మట మిగిలినది చెడకుండుట నేర్చుకొన్నాము. మిగిలినది మేలగునట్లు చేయు విద్యను మాత్రము చేజార్చుకొనుచున్నాము.

గత వేసవిలో మైదుకూరు సంతలో ఒక మట్టికుండను కొనితెచ్చి, మూడునాళ్లు నీట నానబెట్టి, గంజితో కాచి, తొలిసంగటి వేసితిని. మొదటినాడు పులుపు రాలేదు. రెండవనాడు కొంచెము వచ్చినది. నాలుగవనాటి తెల్లవారి గుడ్డ విప్పునప్పటికి నీటిమీద ఆవగింజలంతేసి బుడగలు తేలుచున్నవి. మా మనుమరాలు చెవి ఒగ్గి విని, "తాతా, దీంట్లో ఎవరున్నారు?" అని అడిగినది. దానికి అంబలి పోసి యిచ్చితిని. త్రాగి, కుండను కడుగుటకు బోర్లింపబోయినది. నేను దాని చేయి పట్టుకొంటిని.